కొలవకుండా కోసిన వార్త

ఆదివారం తెల్లవారుజామున ఐదూ నలభైకి ఏలూరు ఆసుపత్రిలో మా క్రాఫ్ట్ మాస్టారు చనిపోయారు. గుండెపోటు. వయసు డెబ్భై ఒకటి. అంతకు ముందురోజు సాయంత్రం దాకా ఆయన ఉంగుటూరు దగ్గరి మా హైస్కూల్లో పిల్లల చేత స్టూళ్లకు జిగురు పెట్టిస్తూనే ఉన్నారు. ఆయన ఇంకా పని నేర్పుతున్నారన్న ఈ రెండో సంగతి, విలేకరిగా నేను నెల కిందటే రాసి ఉండాల్సింది.

ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆ పోస్టులో మళ్లీ ఎవర్నీ వేయలేదు. ఆయనే ప్రతి శనివారం మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో బస్సెక్కి వచ్చేవారు. జీతం లేదు. హెడ్మిస్ట్రెస్ గారి అనుమతి ఉంది, గది తాళంచెవి ఉంది.

నేను ఆయన దగ్గర తొమ్మిదో తరగతిలో వడ్రంగం నేర్చుకున్నాను. మాస్టారికి కోపం వస్తే మర్యాద పెరిగేది. "ఏవండీ, తమరు రంపాన్ని జోకొడుతున్నారా? కోయండి బాబూ" అనేవారు. 'నువ్వు' అన్నారంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. క్లాసులో ఆయన నియమం ఒక్కటే: ఎవరు కోస్తారో వాళ్లే కొలవాలి.

ఒకసారి నేను ఆ నియమం తప్పాను. పక్కవాడు పద్నాలుగు అంగుళాలని గీత గీసి ఇస్తే, నేను స్టూలు కాలు కోసేశాను. వాడి స్కేలు చివర అరిగిపోయి ఉంది. కాలు పొట్టిదైంది. మాస్టారు రెండు కాళ్లూ పక్కపక్కన నిలబెట్టి చూశారు.

"వాడే గీశాడండి" అన్నాను.

"గీసింది వాడే. కోసింది ఎవరండీ?"

ఆయన మిగతా మూడు కాళ్లూ నాచేతే ఆ పొట్టి కాలికి సరిపడా కోయించారు. "పొట్టి పీటకీ ఏదో పని ఉంటుందిలే" అన్నారు. మా అమ్మ చాలా ఏళ్లు దాని మీదే కూర్చుని కూరలు తరిగింది.

ఆయన తన తప్పు కూడా దాచేవారు కాదు. ఒక ఏడాది కొల్లేరులో తిరిగే దోనెకి చిన్న నమూనా చేయించారు. కాగితం మీద లెక్కలన్నీ వేసి, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ముందే గీత గీయించారు. తొట్టిలో పెడితే అది పక్కకి ఒరిగింది. లంక గ్రామం నుంచి వచ్చే అమ్మాయి ఒకతి నవ్వాపుకోలేక, "మాస్టారండీ, ముందు నీళ్లలో పెట్టాలండి. గీత తర్వాతండి" అంది. ఆయన ఆ మాట బోర్డు మీద రాసి, కింద ఆ అమ్మాయి పేరు రాశారు. వారం రోజులు తుడవనివ్వలేదు.

నెల కిందట నేను స్కూళ్లలో వాడకం లేని గదుల గురించి ఒక వార్త రాశాను. వివరాలు విద్యాశాఖ ఆఫీసు నుంచి ఫోన్లో వచ్చాయి. అందులో మా హైస్కూలు క్రాఫ్ట్ గది కూడా ఉంది. 'ఖాళీ' అని రాశాను. ఆ ఊరు మా ఆఫీసుకి గంట ప్రయాణం. వెళ్లి చూడలేదు.

పేపరు వచ్చిన రోజు ఉదయం మాస్టారు ఫోన్ చేశారు.

"ఏవండీ, కొలవకుండా కోసేశారా?"

ఏం జరిగిందో నాకు అర్థమైంది. సవరణ వేస్తానన్నాను.

"ఫోన్లో నేను చెబితే వేసేస్తారా? మళ్లీ అదేగా. శనివారం రండి. చూసి రాయండి."

మొదటి శనివారం కాలువకి గండి పడింది. రెండో శనివారం ఒక మంత్రి పర్యటన. మూడో శనివారం ఏమీ లేదు. నేను అలసిపోయి ఇంట్లో పడుకున్నాను. నాలుగో శనివారం ఆయనకి ఆఖరిది. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు, నేనూ వెళ్లలేదు.

సోమవారం తాడేపల్లిగూడెం క్రైస్తవ శ్మశానంలో సమాధి చేశారు. స్కూలు పిల్లలు యూనిఫాంలోనే వచ్చారు. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను గుర్తుపట్టి, గొంతు పెంచకుండానే చెప్పారు:

"మేం పంపిన లిస్టులో పోస్టు ఖాళీ అని రాశామండీ. గది ఖాళీ అని కాదండీ. మీ పేపర్లో వచ్చాక, పైఆఫీసు వాళ్లు గది గోడౌనుకి ఇచ్చేయమన్నారు. పిల్లలు వాడుతున్నారని రాస్తే, వచ్చి చూస్తామన్నారు. చూపించడానికి మాస్టారున్నారు కదా అనుకున్నానండీ."

అక్కణ్నుంచి నేరుగా స్కూలుకి వెళ్లాను. తాళంచెవి ఇప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గర ఉంది. తలుపు తీసింది. లోపల మామిడి చెక్క వాసన. గోడకి రంపాలు, ఉలులు, మూలమట్టాలు, దేని మేకుకి అది. బల్ల మీద ఆరు స్టూళ్లు, అతుకుల దగ్గర ఇనుప క్లాంపులు బిగించి ఉన్నాయి. ఎలిమెంటరీ పిల్లల కోసమట. ఒకదానికి ఆయన చేతిరాతతో అట్టముక్క వేలాడుతోంది: 'ముసురు పట్టింది. బుధవారం దాకా విప్పొద్దు.'

నేను ఒక స్టూలు మీద చెయ్యి వేయబోయాను.

"ముట్టుకోకండి అంకుల్. జిగురు ఇంకా ఆరలేదండి" అంది ఆ అమ్మాయి.

జేబులోంచి పుస్తకం తీశాను. ఉలులు లెక్కపెట్టి రాసుకున్నాను. స్టూళ్ల ఎత్తు ఎంతని అడిగితే ఆ అమ్మాయి చెప్పలేదు. టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. స్టూలుకి తగలకుండా టేపు పట్టి కొలిచాను. పన్నెండు అంగుళాలు.

సవరణ ఈ రోజు లోపలి పేజీలో వచ్చింది. ఐదు వాక్యాలు. ఆయన చదవలేదు.

రేపు, బుధవారం, ఆఖరి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి వాళ్లు క్లాంపులు విప్పుతారు. గురువారం ఉదయం పదకొండు గంటలకు అధికారి గది చూడటానికి వస్తారు. కూర్చోమనడానికి ఆరు స్టూళ్లుంటాయి.