రాసి పంపిన పగులు

సౌదీ ఎడారిలోని ఒక బంగారు గనిలో సర్వేయరుగా తొమ్మిదేళ్లు చేశాను. తవ్విన గుంత గోడలు ఏ రోజుకారోజు ఎంత కదిలాయో కొలిచి, ఆ లెక్కలు రష్యన్ ఇంజనీరుకు ఇవ్వడం నా పని. ఆయనకు అరవై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఏసీ హోరులో ఇద్దరం నల్ల టీ తాగుతూ కూర్చునేవాళ్లం.

ఒక వేసవిలో తూర్పు గోడ అంచున వేలు దూరేంత పగులు కనిపించింది. దాని కిందే డంపర్లు తిరిగే దారి. మేనేజరు వచ్చి చూసి, "పాతదే. రిపోర్టులో రాయకు" అన్నాడు.

కరీంనగర్ నుంచి వచ్చిన డంపర్ డ్రైవరొకడు నాకు తమ్ముడి వంటివాడు. వాడిదీ అదే మాట.

"ఈడ ఉండనిచ్చే కాయితం, ఇకామా, కంపెనీ చేతుల ఉన్నదన్నా. పెద్దోళ్లతోని నీకెందుకు లొల్లి?"

"ఆ గోడ కిందికెల్లి పోయేది నువ్వేరా."

"రోజూ పోతనే ఉన్న గదా. ఏమైంది?"

రష్యన్‌ను అడిగాను. ఆయన తన ముత్తాత గురించి చెప్పాడు. జార్ల కాలంలో ఉరల్ కొండల్లో రాగి గని ఇంజనీరట. అప్పట్లో వాళ్లకు సైనికుల్లాగే యూనిఫాం, ఇత్తడి గుండీలు ఉండేవి. గనిలో ఆధారంగా నిలిపిన దుంగలు కుళ్లాయి, మనుషుల్ని దించొద్దని ఆయన పైవాళ్లకు రాశాడు. జవాబుగా సైబీరియాకు బదిలీ వచ్చింది. పెళ్లాం బిడ్డలతో వారాల తరబడి గుర్రపు బండి ప్రయాణం. చిన్న కూతురు దారిలోనే జ్వరంతో పోయింది.

"మరి ఆ గని కూలిందా?"

"తెలియదు. అంత దూరానికి కబురెవరు తెస్తారు? ఆయనా అడగలేదు. మళ్లీ ఏ గని గురించీ ఏమీ రాయలేదట."

"అయితే నన్నూ రాయొద్దంటారా?"

"ఏమో. నాకు ఓపిక లేదు. నువ్వు రాస్తే పక్కన సంతకం పెడతాను."

రాశాను. పెట్టాడు. కొన్నాళ్లు ఆ దారి మూసేశారు. చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చిన డ్రైవర్లంతా నన్ను తిట్టుకున్నారు. తర్వాత ఎవరో వచ్చి చూసి, భయం లేదని తెరిపించారు. నెల తిరక్కుండానే రష్యన్‌కు ఫైనల్ ఎగ్జిట్ కొట్టి దేశం పంపేశారు. నన్ను ఉత్తరాన ఫాస్ఫేటు గనికి పంపారు. ఇక్కడా అదే కొలత, అదే దుమ్ము.

మొన్న ఆ డ్రైవరు ఫోన్ చేశాడు. "గోడ గట్లనే ఉన్నదన్నా. ఉత్తగనే భయపెట్టినవ్" అని నవ్వాడు.

వాదించే ఓపిక లేకపోయింది. "అటు పోయినప్పుడల్లా ఒకసారి పైకి సూడురా" అని పెట్టేశాను.