భుజం దగ్గర ఆగిన కర్ర

సీమోను భుజాలు రెండూ ఒక ఎత్తులో ఉండవు. ఎడమది కాస్త పైకి, కుడిది బాగా కిందికి. ఏళ్ళ తరబడి గోల్ఫు ఆడేవాళ్ళ సంచులు మోసిన భుజం అది. తోలు సంచి, దాని నిండా ఇనుప కర్రలు, దొరగారి గొడుగు, మంచినీళ్ళ సీసా, అన్నీ దానిమీదే. అలా మోసేవాణ్ణి క్యాడీ అంటారు. పేరు ముచ్చటగానే ఉంది గానీ రాత్రి పడుకోబోతే ఏ పక్కకి తిరిగినా ప్రాణం తోకకొస్తుంది.

ఫలక్‌నుమా స్టేషను వెనక గల్లీలో అద్దె ఇల్లు ఆయనది. చీకటితో లేచి ఊరికి ఆ చివరనున్న మైదానానికి పోతాడు, దీపాలు పెట్టాక తిరిగొస్తాడు. తెల్లదొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు, నిజాం సర్కారు పోయింది. సంచులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు వాటిని మన సాబులకు మోస్తున్నాడు. స్వరాజ్యం వచ్చాక బరువేమైనా తగ్గిందా అని ఎవరైనా అడిగితే భుజం చూపించేవాడు.

ఆయనకు మైదానంలో ఒక పేరుంది. మనిషి కర్ర ఎత్తే వాటం చూసి, వీడికి ఆట అబ్బుతుందా లేదా చెప్పేస్తాడని. దానికి ఆయన దగ్గరున్న కొలబద్ద ఒక్కటే. ఒకప్పుడు తాను ఎవరి సంచి మోశాడో ఆ మేజరు దొర. ఆ దొర కర్ర నెమ్మదిగా వెనక్కి లేచి, భుజం దాటి, తల దాటి, వీపు వెనక్కి వాలేది. అక్కడ ఒక్క క్షణం నిలిచి సుతారంగా దిగేది. బంతి ఎటు పోయిందో చూడాల్సిన సీమోను ఆ కర్రనే చూస్తూ నిలబడి ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో! కొత్తగా ఎవరు కర్ర పట్టినా మనసులో మేజరు దొర పక్కన నిలబెట్టి చూసేవాడు. కర్ర పొడుగ్గా లేస్తే ఆట పెరుగుతుంది, పొట్టిగా ఆగితే మనిషీ అక్కడే ఆగుతాడు. అదీ ఆయన లెక్క.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళ మైదానం చూసుకునే వామన్‌రావు సాబు ఒక కబురు చెప్పాడు. క్యాడీల్లో ఒక పిల్లవాణ్ణి తీసుకుని ఆట నేర్పే ఉస్తాదుగా తయారు చేస్తారట. పక్కా నౌకరీ, మైదానం పక్కనే గది. ఇక సంచి మొయ్యక్కర్లేదు. పోటీకి నిలిచింది ఇద్దరు. గుడిమల్కాపూర్ పూలతోట కాపు సక్కుబాయి కొడుకు బాలకిషన్ ఒకడు. సీమోను కొడుకు దానియేలు రెండోవాడు.

సంగతి వినగానే సీమోను భార్య పుష్పమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

“నీ భుజం జూస్తనే ఉన్న గదా ఇన్నేండ్ల సంది. వాని భుజమన్న సక్కగుండనియ్యి,” అంది.

“నా చేతుల ఏమున్నదే? సాబులు జూసి చెప్తరు,” అన్నాడు సీమోను.

కానీ చెప్పాల్సివచ్చింది ఆయనకే. ఆట లేని సోమవారం ఇద్దరినీ నిలబెట్టి బంతులు కొట్టించారు. బాలకిషన్ కర్ర వీపు వెనక్కి వెళ్ళి ఒయ్యారంగా దిగింది. బంతి కొన్నిసార్లు పక్క పొదల్లోకి పోయినా, పోయిన ప్రతిసారీ దూరమే పోయింది. సీమోను కంటికి చెప్పులు లేని కాళ్ళతో, మాసిన ధోవతిలో మేజరు దొరే వచ్చి నిలబడ్డట్టుంది. తర్వాత దానియేలు. వాడి కర్ర భుజం దాకా లేచింది, ఠక్కున ఆగింది, మెడ దగ్గరికి ముడుచుకున్న చేతులతోనే కిందికి కొట్టాడు. బంతి తిన్నగా పోయింది గానీ దూరం పోలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. ఎక్కడో మేకు కొట్టి ఉంచినట్టు కర్ర అక్కడే ఆగుతోంది.

వామన్‌రావు సాబు సీమోను వైపు తిరిగాడు.

“సీమోన్, వాడు నీ కొడుకని నాకు తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నా. సచ్ బోలో. ఎవరిలో ఆట ఉన్నది?”

సీమోనుకు పుష్పమ్మ గుర్తొచ్చింది. అబద్ధం చెబితే అడిగేవాడు లేడు. కానీ ఇన్నాళ్ళ బతుకులో ఆయనకంటూ మిగిలింది ఆ ఒక్క మాట నిలకడే.

“బాలకిషన్‌ను తీస్కోండ్రి సాబ్. వాడు ఇంకా పెరుగుతడు. మా వాని చెయ్యి గంతనే. ఎన్నేండ్లు నేర్పినా గంతనే,” అన్నాడు.

దానియేలు కొంచెం దూరంలో నిలబడి విన్నాడు. కర్ర తుడిచి సంచిలో పెట్టాడు. తండ్రీ కొడుకులు ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. సీమోనుకు కాళ్ళు పీకుతున్నాయి, అంతకంటే ఎక్కువగా మనసు పీకుతోంది. సరైన మాటే చెప్పానని లోపల లోపల అనుకుంటూనే ఉన్నాడు. సరైన మాట చెప్పినవాడికి ఇంత నీరసం ఎందుకో ఆయనకే అర్థం కాలేదు.

ఆట లేని రోజు కాబట్టి పొద్దుండగానే ఇల్లు చేరారు. పుష్పమ్మ ఇద్దరి ముఖాలూ చూసి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. దానియేలు ఊరుకోలేక మూలనున్న పాత కర్ర తీశాడు. మేజరు దొర పోతూ పోతూ సీమోనుకిచ్చిన కర్ర అది. వాకిట్లో, చూరు కింద నిలబడి బట్ట ఉండను కొట్టడం మొదలుపెట్టాడు. సీమోను అరుగు మీద కూలబడి చూశాడు. చీకటిలో పోయి చీకటిలో వచ్చే మనిషి, కొడుకు పెద్దయ్యాక ఇంట్లో కర్ర పట్టగా చూడటం అదే మొదలు.

కర్ర లేచింది. గూన పెంకులకు బెత్తెడు కింద ఆగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ అక్కడే.

“ఇంకొంచెం ఎత్తు బిడ్డా,” అన్నాడు సీమోను.

“గూన పల్గుతది బాపు,” అన్నాడు దానియేలు, వెనక్కి తిరక్కుండానే.

సీమోను తలెత్తి చూరు వైపు చూశాడు. వాడు చిన్నప్పుడు ఇదే చూరు కింద ఇదే కర్ర ఎత్తి ఒక పెంకు పగలగొట్టాడు. ఇంటి ఓనరు సదాశివ గల్లీ అంతా వినేలా లొల్లి చేశాడు, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ భయంలో సీమోను పిల్లవాడి చెవి మెలిపెట్టి, కర్ర భుజం దాటితే చెయ్యి విరుస్తానన్నాడు. అని, మరునాటికే మరిచిపోయాడు. వాడు మరవలేదు. ఈ గల్లీలో కర్ర తిప్పడానికి ఇంకో చోటు లేదు. ఆ చూరు కిందే వాడు పెద్దవాడయ్యాడు, వాడి ఆటా అక్కడే పెరిగింది. బాలకిషన్‌కు తోట ఉంది, పైన ఆకాశం ఉంది.

ఆదివారం మైదానానికి పోకుండా, ప్రార్థన అయ్యాక కొడుకును స్టేషను అవతలి ఖాళీ జాగాకు తీసుకుపోయాడు సీమోను. చుట్టూ గోడ లేదు, చెట్టు లేదు.

“ఇప్పుడు ఎత్తు. ఈడ గూనల్లేవు,” అన్నాడు.

దానియేలు ఎత్తాడు. కర్ర భుజం దగ్గర ఆగింది.

“తెలుసు బాపు. చెయ్యే ఆగుతున్నది,” అన్నాడు.

సీమోను వాడి వెనక్కి వెళ్ళి, నొప్పి పుట్టే తన కుడిచేత్తో వాడి మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి నెట్టాడు. భుజం దాటింది. తల దాటింది. సరిగ్గా అప్పుడు దానియేలు, ఇరవై ఏళ్ళ వాడు, మెడ లోపలికి లాక్కుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సీమోను చెయ్యి వదిలేశాడు. కాసేపు ఆ ఎండలో అలాగే నిలబడి, మళ్ళీ వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.