నల్లప్ప తోలించిన జనం

బుక్కరాయసముద్రం నల్లప్పకు బాగా తెలిసిన పని ఒక్కటే: బోరులో జారిపడిన మోటారును పైకి తీయడం. ఇనుప కొక్కేన్ని తాడుతో దింపి, కళ్లు మూసుకుని, చేతికి తగిలే అదురును బట్టి మోటారు ఎటు వాలి ఉందో చెబుతాడు. ఒకసారి ఎనిమిది వందల అడుగుల లోతు నుంచి మోటారుతో పాటు ఆదిశేషుడి కుబుసం కూడా లాగాడు. చూపించమంటే చూపించలేను, దాచమని నాకిస్తే దాన్ని మా ఇంటి ఎలుకలు కొట్టేశాయి.

అనంతపురంలో కంప్యూటర్ పని చేసే అతని కూతురు పద్మప్రియ, నాయన పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టింది. ఫోనులో "బోరులో పడిన మోటారు" అని వెతికితే నల్లప్పే మొదట కనబడేవాడు. మోటారు పడిన రైతుకు పైరు కళ్లముందే ఎండుతుంటుంది. మొదట కనబడినవాడికే ఫోను చేస్తాడు. నల్లప్ప బతుకంతా ఆ మొదటి వరుసలోనే ఉంది.

"వేరే వెబ్‌సైట్లు మన పేజీకి లింకు ఇస్తే, సెర్చ్ ఇంజన్ దాన్ని సాక్ష్యం కింద తీసుకుంటాది నాయనా," అని పద్మప్రియ ఒకరోజు చెప్పింది.

"మనకెన్ని ఉండాయి?"

"మూడు."

ఉరవకొండ రైతు సంఘం ఒకటి, ముదిగుబ్బ మోటారు వైండింగ్ షాపు ఒకటి, డ్రిప్పు సేద్యం గురించి రాసే ఒక మాస్టారు. ముగ్గురూ నల్లప్ప పని కళ్లారా చూసినవాళ్లు. అయినా అతనికి తల కొట్టేసినట్టయింది. వార్డు మెంబరు సభకే పది ట్రాక్టర్ల జనం వస్తారు కదా! ఎన్నికలప్పుడు ఆ ట్రాక్టర్లు మాట్లాడి, బిర్యానీ పొట్లాలు పంచేది అతనే. అదే లెక్కన కూతురికి చెప్పకుండా, ఫోనులో పరిచయమైన ఎవడి దగ్గరో నాలుగు వేల లింకులు కొన్నాడు.

నెల తిరక్కముందే నల్లప్ప పేరు మాయమైంది. పదో పేజీలో కూడా లేదు. ఫోను మోగడం మానేసింది. పైగా అతని మెయిలుకు సెర్చ్ ఇంజన్ వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. కాన్వెంటులో చదివిన పాపానికి ఊళ్లో ఇంగ్లీషంతా నా అరుగు మీదికే వస్తుంది.

"ఏమంటాండారు మామా?"

"నీ జనమంతా కిరాయి జనమని కనుక్కున్నారప్పా. రమ్మీ ఆడించేటోళ్లు, బట్టతలకు నూనె అమ్మేటోళ్లు, రష్యాలో పెళ్లిగౌన్లు అమ్మేటోళ్లు. వీళ్లలో ఎవరి బోరులోనన్నా మోటారు తీసినావా?"

"బట్టతలోనికి బోరేముంటాది మామా," అన్నాడు నల్లప్ప ఏడుపు గొంతుతో.

విషయం విని పద్మప్రియ బస్సు దిగీ దిగకముందే అందుకుంది. "సభకు తోలినట్టు తోలినావా నాయనా? ఆడ తలలు లెక్కపెట్టుకోని ఊరుకోరు. చెప్పేటోడెవడు, వానికి ఈ పని తెలుసా అని చూస్తారు."

"ఆ మూడన్నా మిగిలినాయా?"

"మనల్ని నిలబెట్టేది ఆ మూడే."

కొన్న లింకులు తీసేయమని ఆమె ఆ వెబ్‌సైట్ల వాళ్లందరికీ రాసింది. తీయనివాటిని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్ వాళ్లకు పట్టీ పంపింది. చివర్లో క్షమాపణ కూడా పెట్టింది. "ఇంక జనాన్ని తోలనని రాయమ్మా," అని నల్లప్ప పక్కనుంచి బతిమాలాడు.

ఐదు వారాల తర్వాత, శిక్ష ఎత్తేసినట్టు జవాబొచ్చింది. పేరు మెల్లగా పైకి పాకింది. ఒక ఉదయం ఫోను మోగింది.

"నల్లప్పన్నా, నా పేరు లక్ష్మీదేవమ్మ. మా బోరులో మోటారు పడిపోయింది. ఉరవకొండ సంఘమోళ్లు నీ గురించి రాసినారే, ఆడ నొక్కితే నువ్వొచ్చినావు."

నల్లప్ప ఫోనును రెండు చేతులతో పట్టుకుని, "వస్తాండా అక్కా, వస్తాండా," అన్నాడు. తండ్రీ కూతుళ్లతో నేనూ పోయాను. సాయంత్రానికి మోటారు పైకొచ్చింది. దాన్ని బాగుచేసి మళ్లీ దించిన రోజు నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయంటే, కాకులు గొడుగులు వెతుక్కున్నాయి.

లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుంది. "మా చేను బతికించినావు. ఇంకేం కావల్ల చెప్పన్నా."

"మీ ఇంట్లో ఎవరికన్నా వెబ్‌సైటు..."

"నాయనా!" అంది పద్మప్రియ.

"ఉంటే ఒక చెంబు మజ్జిగియ్యక్కా," అన్నాడు నల్లప్ప.