నేను హిందీలో చెప్పని మాట

భోపాల్‌పట్నంలో మా బోరు నీళ్ళకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకని నీళ్ళలో గట్టిదనం తీసేసే మెషిన్ ఒకటి జగదల్‌పూర్ నుంచి తెప్పించి పెట్టించాను. అందులో ఉప్పు పొయ్యడం చూసి నా భార్య, "ఉప్పునీళ్లు బాగయ్యేటందుకు మళ్ల ఉప్పేనా? ఏందిది!" అని పకపకా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైంది.

మెషిన్ వచ్చినప్పటి నుంచి వంటింటి గోడలో పైపులు మోగసాగాయి. నేను దుకాణంలో ఉంటాను, ఆ గోడ పక్కన ఉండేది ఆమె. మెకానిక్ వచ్చినప్పుడు చెప్పింది: "నీళ్లు పారంగ ఏం లేదు. మెషిన్ నీళ్లు ఆపంగనే ధన్‌మని గోడను తన్నినట్టయితది."

అతనికి తెలుగు రాదు. హిందీలో చెప్పాల్సింది నేను. నలుగురికీ గొప్పగా చూపించుకున్న మెషిన్‌కు వంక ఒప్పుకోలేక, "థోడీ ఆవాజ్ ఆతీ హై. ఇన్‌కో వహమ్ జ్యాదా హై" అన్నాను. చప్పుడు కొద్దిగానే, ఈమెకే భ్రమ ఎక్కువ అని. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత తన అక్కకు మిరప ఏరడంలో సాయమని రాష్ట్ర సరిహద్దు దాటి వెంకటాపురం వెళ్ళింది. పని అయిపోయినా రాలేదు. పొద్దున్నే టీకి ఇద్దరికి సరిపడా నీళ్ళు పెట్టేసేవాణ్ణి. అప్పుడే గోడ ధన్‌మనేది. ఇది భ్రమ కాదని చెప్పడానికి ఎదురుగా ఆమె లేదు.

మెకానిక్‌ను మళ్ళీ పిలిచి, ఈసారి ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"బంద్ హోనే పర్? పహలే బోల్నా థా, సేఠ్‌జీ!" అన్నాడు. నీళ్ళు ఆగినప్పుడా, ముందే చెప్పాల్సింది అని.

మెషిన్ వాల్వు టక్కున మూసుకునేసరికి, వేగంగా వస్తున్న నీళ్ళు పైపును గుద్దుతున్నాయట. ఒత్తిడి తగ్గించి, వదులుగా ఊగుతున్న పైపును గోడకు బిగించాడు. మోత పోయింది. ఇల్లు మరింత ఖాళీగా అనిపించింది.

ఆమెకు ఫోన్ చేశాను. "పైపులు బాగైనయి. వస్తవా?"

"చప్పుడుకు పోయిననుకున్నరా?"

మరెందుకని అడిగాను.

"నాకు హిందీ మాట్లాడుడే రాదు. వినుడు వస్తది."

ఆసుపత్రిలో, బ్యాంకులో, ఒకప్పుడు పిల్లల బడిలో ఆమె మాటగా నేను చెప్పినవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. "తప్పయింది" అన్నాను.



"నాకెందుకు చెప్తరు? నాది వహమ్ కాదని ఆ మెకానిక్‌కు చెప్పుండ్రి, హిందీల. చెప్పినంక ఫోన్ చేయుండ్రి."

అతని నంబరు నొక్కాను.