లైటు ఆర్పే మేడమ్

మా తమ్ముడి నెత్తురు పరీక్షించిన బెంగళూరు ల్యాబ్ మేడమ్ కొలిచే ముందు గదిలో లైటు ఆర్పేవారు. తమ్ముడు రక్తకణాల్లో శక్తి చాలక నాలుగు మెట్లెక్కితే కూలబడేవాడు. మిణుగురులను వెలిగించే పదార్థం కలిపితే బతికున్న కణాలు తమ శక్తిని బట్టి వెలుగుతాయి. వాడికిస్తున్న కొత్త మందు పనిచేస్తోందో లేదో, మిషన్ కొలిచే ఆ వెలుగే చెప్పాలి.

“మిషన్ మూసే ఉండాది గదా మేడమ్, లైటెందుకు ఆర్పేది?” అన్నాను.

“లోపల పని జరుగుతా ఉండాదప్పా. మనం గమ్మునుండాల.”

ఒకరోజు మిషన్ మీద అంకె చూసి ఆమె లైటు వేయడం మరిచిపోయారు. “పోయినసారికన్నా బాగా వెలుగుతా ఉండాయి. పోయి మీ తమ్మునికి చెప్పప్పా” అన్నారు చీకట్లోనే.

నిన్న ఆమె పాడెకు భుజమిచ్చినవాళ్ళలో మా తమ్ముడున్నాడు. మార్చుకుంటామన్నా వినకుండా చివరిదాకా మోశాడు.