మూడో గుండ్రం

పదిమంది పిల్లల జవాబు కాగితాలు బల్ల మీద పరిచి చూసేసరికి పేపరు మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పది కాగితాల్లోనూ నలభై బిట్లకు నలభై గుండ్రాలూ ఒకే వరసలో దిద్ది ఉన్నాయి. అన్నీ మూడోవే. పైనుంచి కిందికి నల్లగా, దారం పట్టి గీసినట్టు. ఒక్క పిల్లవాడైనా పక్క గుండ్రం వైపు కన్నెత్తి చూసిన జాడ లేదు.

పేపరు మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. ఒకే గది ఉన్న పల్లె బడిలో, అయిదు తరగతులకూ ఒకే పంతులు ఉన్న చోట, నేల మీద కూర్చుని పలక మీద లెక్కలు నేర్చుకున్నారు. ఆ పలకతో మొదలుపెట్టి హైస్కూలు లెక్కల మాస్టారయ్యారు. ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పారు. అందులో ఇరవై రెండేళ్ళు పబ్లిక్ పరీక్షకు లెక్కల బిట్ పేపరు కూర్చింది ఆయనే. ఆ సంగతి పదవీ విరమణ చేసేదాకా కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఏడాదికోసారి పదిరోజులు ఎటు పోతున్నారో తెలియక ఆవిడ పడ్డ అనుమానాలు వేరే కథ.

సరైన జవాబు ఎవడైనా రాస్తాడు, పక్కన మూడు తప్పు జవాబులు పెట్టడంలోనే పనితనం ఉంది అనేవారు మాస్టారు. గుణించాల్సిన చోట కూడినవాడికి ఒకటి, దశాంశ బిందువు ఒక గడి జరిపినవాడికి ఒకటి, ప్రశ్న సగం చదివి పరిగెత్తేవాడికి ఒకటి. కాబట్టి పిల్లవాడు దిద్దిన తప్పు చూస్తే చాలు, వాడు ఎక్కడ కాలు జారాడో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలరు. మంగలి షాపులోనూ, బస్సులో పక్క సీటువాడి దగ్గరా, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయన చెప్పే మాట ఒకటే: ఇరవై రెండేళ్ళలో ఎనిమిది వందల ఎనభై బిట్లు, ఒక్క తప్పు అచ్చుకాలేదు. బోర్డువాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రం హాల్లో ఫ్రేము కట్టి ఉంది. "దుమ్ము దులిపేది నేను, పొగిడించుకునేది ఈయన" అనేది భార్య.

అంతటివాణ్ణి ఇంటికొచ్చి బతిమాలుకున్నది ప్రిన్సిపాలు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. బడి వెనక గదిలో పదిమంది మొద్దులున్నారట. నెల రోజుల్లో ప్రీ ఫైనల్ ఉంది. అందులో నలభైకి పద్నాలుగు వస్తే హాల్ టికెట్ ఇస్తాడు, రాకపోతే ఈ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వడు. ఆరేళ్ళుగా గేటు మీద నూటికి నూరు అని రాసుకున్న బోర్డు పాడవకూడదు కదా. మీరు చేయి వేస్తే బాగుపడతారు అన్నాడు. ఆ ఒక్క మాటకు పొంగిపోయి ఒప్పుకున్నారు మాస్టారు.

తీరా మొదటి రోజు పెట్టిన పరీక్షకు వచ్చిన కాగితాలివి. ఇన్నేళ్ళలో ఆయనకు అర్థం కాని తప్పు ఇదే మొదలు. ఏ తప్పు వెనకా ఆలోచన లేదు. చాక్‌పీసు నేలకేసి కొట్టారు. ఒళ్ళొంచని సోమరిపోతులన్నారు, అన్నం తింటున్నారా గడ్డి తింటున్నారా అన్నారు. వాళ్ళు తలలు దించుకుని, ఇలాంటివి రోజూ వినేవాళ్ళలాగే విన్నారు. చివరి బెంచీలో ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. పొలాలకు కంచెలు కట్టే మేస్త్రి కూతురు. ఆదివారాలు తండ్రితో వెళ్ళి తీగ పట్టుకునేది. అరచేతుల నిండా గీరుకుపోయిన మచ్చలు.

"మా సార్లే అలా దిద్దమన్నారు సార్."

"ఏ సార్లు?"

"ఇక్కడి సార్లందరూ. తెలియనిదానికి మూడోది దిద్దండన్నారు. మాకు ఏదీ తెలియదని కూడా వాళ్ళే అన్నారు. అందుకని అన్నీ మూడోదే దిద్దుతాం."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారికి మాత్రం ఒళ్ళు చల్లబడింది, ఆ వెంటనే ఇంకోరకంగా మండింది. నలభై బిట్లలో సరైన జవాబులు నాలుగు వరసలకూ సమానంగా పంచాలని బోర్డులో పట్టుబట్టి రూలు పెట్టించింది ఆయనే. వరసకు పది. మూడోవే దిద్దుకుంటూ పోతే పది మార్కులు వస్తాయి. ఏ ఏడాదైనా పదే. పద్నాలుగు చచ్చినా రావు.

ఆ కాగితాలు చేత్తో పట్టుకుని నేరుగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు. వాడు మొదట నీళ్ళు నమిలాడు. చివరికి ఉన్నమాట చెప్పాడు. సున్నా వస్తే తల్లిదండ్రులు బడి మీదికి వస్తారట. పది వస్తే, మా వాడి బుర్ర ఇంతే అనుకుని నోరు మూసుకుని పోతారట.

"అంటే తప్పడం కూడా మీరే నేర్పుతున్నారన్నమాట," అన్నారు మాస్టారు. "నేను నీకు ఇదా నేర్పింది?"

"ఆ రోజులు వేరు మాస్టారూ."

"రోజులకేం, బాగానే ఉన్నాయి."

ఆ మర్నాటి నుంచి వెనక గదిలో గుండ్రాలు దిద్దడం బంద్. సరైన జవాబు కోసం వెతకొద్దన్నారు మాస్టారు. ముందు తప్పులను బయటికి గెంటండి, గెంటేముందు ఒక్కోదాన్ని చూసి, ఏ తలతిక్కవాడు ఈ జవాబు తెస్తాడో చెప్పండి అన్నారు. ఈ ఆట పిల్లలకు నచ్చింది. ఆ తలతిక్కవాళ్ళు వాళ్ళకు బాగా తెలిసినవాళ్ళే మరి. "సార్, ఈ తప్పు నేను చేసేదే" అని ఒకడు గర్వంగా చేయెత్తేవాడు. "రెండోది మా వాడిది సార్, వీడికి భాగహారంలో సున్నా పెట్టడం రాదు" అని ఇంకొకడు పక్కవాణ్ణి పట్టించేవాడు. మాస్టారు తిట్టని రోజు లేదు. పదకొండు అని చెప్పడానికి వేళ్ళు లెక్కపెట్టుకున్నవాణ్ణి గోడ దగ్గర నిలబెట్టారు. అయినా నాలుగింటికే ఇంటికి పోవాల్సిన పిల్లలు అయిదున్నర దాకా కదిలేవారు కాదు. ఆయన గొంతు బొంగురుపోయి ఇంటికొస్తే, పెన్షన్ తీసుకునేవాడు కూర్చుని తినాలి గానీ కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతాడా అని భార్య వేడినీళ్ళు పెట్టేది.

కంచె మేస్త్రి కూతురికి దశాంశాలు ససేమిరా ఎక్కలేదు. బిందువు ఎక్కడుందో చూసేది కాదు. అయితే ప్రతి లెక్కకూ బొమ్మ గీసేది. రైలంటే పెట్టెలు గీసేది, తొట్టె అంటే తొట్టె గీసేది. నలభై బొమ్మలు గీస్తూ కూర్చుంటే గంట కొడతారే తల్లీ అని మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకునేవారు. వినేది కాదు.

ప్రీ ఫైనల్‌కు ప్రిన్సిపాలు తెలివిగా ఒక పని చేశాడు. రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా, మాస్టారు కూర్చిన పాత పబ్లిక్ పేపరునే తెచ్చి పెట్టాడు. ఆ మాట విని మాస్టారు మీసం దువ్వుకున్నారు. తన పేపరుకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదన్నారు.

ఫలితాలు వచ్చాయి. ఎనిమిదిమంది పద్నాలుగు దాటారు. ఒకడికి పంతొమ్మిది కూడా వచ్చాయి. ఒకడికి పదకొండే. వాడు తనంతట తానే వచ్చి వచ్చే ఏడాది రాస్తాను సార్ అన్నాడు. ముందే ఓడిపోయినట్టు మాట్లాడినందుకు వాడికీ చీవాట్లు పడ్డాయి. కంచె మేస్త్రి కూతురికి పదమూడు. ఒక్క మార్కు.

మాస్టారు ఆమె కాగితాలు లాక్కుని ఎక్కడ పోయిందో వెతికారు. ఇరవై ఏడో బిట్టు దగ్గర వేలు ఆగింది. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు ఉన్న పొలం చుట్టూ పది అడుగులకొక స్తంభం చొప్పున, మూలల్లోనూ ఉండేలా పాతితే ఎన్ని స్తంభాలు కావాలి? ఆమె రెండోది దిద్దింది, ఇరవై. బోర్డు ఇచ్చిన జవాబుల కీలో ఉన్నది మూడోది, ఇరవై ఒకటి.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. చుట్టుకొలత రెండు వందలు, పదితో భాగిస్తే ఇరవై, చివరి స్తంభానికి ఒకటి కలపాలి, ఈ ముక్క గైడు చదివిన ప్రతివాడికీ తెలుసు అని విరుచుకుపడ్డారు. ఒకటి కలపడం మరిచేవాడి కోసమే ఇరవై అనే ఉచ్చు తాను పెట్టానని, అందులో తన శిష్యురాలే వెళ్ళి పడిందని అన్నారు.

ఆమె ఏడవలేదు. ప్రశ్నపత్రం అంచున గీసిన పొలం బొమ్మ చూపించింది. చుట్టూ చుక్కలు పెట్టి ఉన్నాయి.

"ఆ ఇరవై ఒకటోది ఎక్కడ పాతాలి సార్?"

మాస్టారు వేలితో చుక్కలు లెక్కపెట్టారు. ఒక మూల మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చారు. ఇరవై అయ్యేసరికి మొదటి మూల మళ్ళీ ఎదురైంది. ఇంకోసారి, రెండోవైపు నుంచి లెక్కపెట్టారు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చే కంచెకు ఒకటి కలపడం ఏమిటి?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది మొదట తాను రాసింది పొలం కాదు. రెండు వందల అడుగుల తిన్నని రోడ్డు. అచ్చుకు పోయేముందు చూస్తే ఇలాంటి రోడ్డు లెక్కే ఇంకో సెట్టులోనూ ఉంది. చివరి నిమిషంలో రోడ్డు కొట్టేసి పొలం రాశారు. జవాబు మార్చలేదు.

"మునుపటిలా మూడోది దిద్దేసి ఉంటే మార్కు వచ్చేదేమో సార్," అంది ఆ అమ్మాయి. వెటకారం లేదు ఆ గొంతులో. అందుకే ఎక్కువ తగిలింది.

చూద్దాంలే అని గొణిగి మాస్టారు ఇంటికి వచ్చేశారు. కుర్చీలో కూర్చుని గోడ మీది ఫ్రేము వైపు గుడ్లురిమి చూశారు. అరుపూ కేకా వినపడకపోయేసరికి భార్య వంటింట్లోంచి వచ్చి ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చెయ్యి వేసింది. జరిగింది చెప్పారు. ఇరవై రెండేళ్ళ మాట చెప్పారు, ఇప్పుడు బయటపెడితే మంగలి కూడా నవ్వుతాడన్నారు. ఆవిడ అంతా విన్నది.

"తప్పు మీదని ఆ పిల్లకు చెప్పారా?"

"లేదు."

"మరి ఇంట్లో ఏం చేస్తున్నారండీ?"

అయిదింటికి హాల్ టికెట్ల జాబితా పంపేస్తారు. మాస్టారు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయలుదేరారు. దారి పొడవునా తిట్టుకుంటూనే ఉన్నారు, ఈసారి తననే. ఆఫీసులో గుమాస్తా కంప్యూటరు ముందు పేర్లు కొడుతున్నాడు. ప్రిన్సిపాలు వెనక నిలబడి చూస్తున్నాడు. ఇరవై ఏడో బిట్టు తప్పు, ఆ పిల్లకు పద్నాలుగు వేసి పేరు ఎక్కించు అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాలు నవ్వాడు. "మాస్టారూ, బోర్డు కీ నా దగ్గరుంది. మీ పేపర్లో ఒక్క తప్పు లేదని మీరే కదా అంటారు. మీరు రిటైరైనప్పటి నుంచీ వింటున్నాను."

మాస్టారు చాక్‌పీసుల డబ్బా తీసుకుని బల్ల మీద బోర్లించారు. హాజరు పట్టీ ముందుకు లాగి, ఇదే పొలం అనుకో, పొడుగువైపు ఆరు భాగాలు, అడ్డంవైపు నాలుగు, మూలమూలకూ ఒకటి నిలబెట్టు అని ఇరవై ఒక్క చాక్‌పీసులు లెక్కపెట్టి వాడి చేతిలో పోశారు. ప్రిన్సిపాలు చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే నిలబెట్టుకుంటూ పోయాడు. పట్టీ చుట్టూ తిరిగి వచ్చాడు. చివరి ముక్క చేతిలో మిగిలింది. అటు చూశాడు, ఇటు చూశాడు. గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎక్కడ పాతుతావు?" అన్నారు మాస్టారు. "జేబులో పెట్టుకుంటావా?"

"ఇది... మీరు కూర్చిన పేపరు మాస్టారూ."

"నేను కూర్చిందే. తప్పు నాదే. కాగితం ఇలా ఇవ్వు, రాసి సంతకం పెడతాను. నా గొప్పలు విన్నవాళ్ళందరికీ చూపించుకో."

అలా అయితే ఇరవై ఒకటి దిద్దిన పిల్లలకు ఒక మార్కు తగ్గించాలి కదా అని ప్రిన్సిపాలు ఇంకో కొర్రీ వేశాడు. పేపరు కూర్చినవాడి తప్పుకు పిల్లల దగ్గర కోత పెట్టే పద్ధతి ఏ బోర్డులోనూ లేదని మాస్టారు బల్ల గుద్దారు. చాక్‌పీసులన్నీ పడిపోయాయి. ఆ రెండు వాక్యాల ఉత్తరం పలక మీద నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో రాశారు. గుమాస్తా తొమ్మిదో పేరు కొట్టేదాకా మాస్టారు తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

బోర్డుకు కూడా ఒక ఉత్తరం పంపారు. జవాబు రాలేదు. ఆ పేపరుతో అప్పట్లో పబ్లిక్ పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది చుక్కలు పెట్టి సరిగ్గా ఇరవై అని దిద్దారో, ఎంతమంది ఆ ఒక్క మార్కుకు ఆగిపోయారో ఆయనకు తెలిసే దారి లేదు. అది తలుచుకున్నప్పుడల్లా పళ్ళు పటపటలాడతాయి. మంగలి షాపులో ఇప్పటికీ ఇరవై రెండేళ్ళ సంగతి చెబుతారు, ఎనిమిది వందల ఎనభై బిట్ల సంగతీ చెబుతారు. "ఒక తప్పు" అని మాత్రం ఎవరూ అడక్కముందే, దెబ్బలాడేవాడిలా, ముందుగా అనేస్తారు.

మర్నాడు కంచె మేస్త్రి కూతురు హాల్ టికెట్ పట్టుకుని వెనక గదికి వచ్చింది. తప్పు నాదని ఆయన అందరి ముందూ చెప్పారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి పెదవి చివర నవ్వు కనిపించింది.

"ఇకిలించింది చాలు," అని కసిరారు మాస్టారు. "కంచెలు వచ్చాయి సరే, దశాంశాలు నీ బాబొచ్చి చేస్తాడా? కూర్చో."