మాస్టారి స్వెట్టరూ, పుట్ ఆన్ పాఠమూ

మా చిన్నప్పుడు... లంబసింగిలో చలికాలం పొద్దున్నే మొదటి పీరియడ్ ఇంగ్లీషు. బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండేది. నోరు తెరిస్తే ఇంగ్లీషు కంటే ముందు పొగ వచ్చేది...

మాస్టారిది కింద మైదానం. మంకీ క్యాప్, మఫ్లర్, కాఫీరంగు ఉన్ని స్వెట్టర్ లేకుండా గదిలో అడుగు పెట్టేవారు కాదు. బడి మొత్తానికి స్వెట్టరంటే అదొక్కటే. మేమంతా అమ్మల పాత చీరలు మడతపెట్టి కప్పుకుని కూర్చునేవాళ్లం.

ఆ రోజు 'పుట్ ఆన్' చెప్పారు. పుట్ ఆన్ ది లైట్ అంటే లైటు వేయడం అన్నారు... మా గదిలో బల్బుంది గానీ కరెంటు ఉండేది కాదు. పుట్ ఆన్ వెయిట్ అంటే లావెక్కడం అన్నారు... అందరం కిటికీలోంచి హాస్టల్ వంటాయన వైపు చూశాం. పాపం, ఆయన గంజి వార్చుకుంటూ మాకేసి చెయ్యూపాడు.

ఇక బట్టలు వేసుకోవడం చూపించాలని మాస్టారు తన స్వెట్టర్ విప్పి ముందు బెంచీలో కూర్చునే సోంబారి అనే కుర్రాడికి తొడిగారు. 'ఐ పుట్ ఆన్ ది స్వెట్టర్' అనిపించారు. వాడి మొహం వెలిగిపోయింది!

అంతే... క్లాసంతా సందేహాలే. ఒక్కొక్కరికీ తొడిగి చూపిస్తే గానీ బోధపడలేదు. లెక్కల్లో చిచ్చరపిడుగు చిన్నాలమ్మకైతే రెండుసార్లు తొడగాల్సి వచ్చింది. ఇంగ్లీషంటే పిల్లలకి ఇంత ఆసక్తా అని మాస్టారు మురిసిపోతూ వణికారు.

చివరికి, ఇప్పుడు 'టేక్ ఆఫ్', అంటే విప్పడం, అంటూ చేయి చాచారు.

చిన్నాలమ్మ చేతులు గట్టిగా ముడుచుకుని, "ఆ పాఠం రేపు సెప్పండి మాస్టారూ" అంది.

మాస్టారు మా చీరల వంక, మా వంక చూసి చాచిన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇంతలో గంట కొట్టేశారు. ఆఖరి బెంచీలో ఉన్న నా వంతు రానేలేదు... నాకు ఏడుపొచ్చేసింది.

తలుపు దాకా వెళ్లిన ఆయన వెనక్కి తిరిగారు. "నీకింకా పాఠం అవనేదు కదే గుంటా... బేగి రా" అన్నారు. చిన్నాలమ్మ దగ్గర స్వెట్టర్ తీసుకుని నాకు తొడిగారు. మోకాళ్ల దాకా వచ్చింది. ఆ వెచ్చదనానికి వాక్యం ఒక్క తప్పు లేకుండా చెప్పేశాను. ఆయన మఫ్లర్ బిగించుకుని పక్క క్లాసుకి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి మాస్టారు గొంగళి కప్పుకుని వచ్చేవారు. స్వెట్టర్ మా క్లాసులోనే రోజుకొకరి ఒంటి మీద తిరిగింది.

ఇప్పుడు చలి కోసమే జనం కార్లేసుకుని మా ఊరొస్తున్నారు. మా పిల్లలు ఏ మాటకైనా అర్థం ఫోన్‌లో చూసేసుకుంటున్నారు... మంచిదే. మాకలా ఒక్కో మాట ఒంటబట్టడానికి ఒక మనిషి చలికి వణకాల్సి వచ్చింది. మీకలా పాఠం చెప్పినవాళ్లెవరో చెప్పండి, వినాలనుంది...

అన్నట్టు, ఆ చలికాలం మొత్తం మాస్టారు 'టేక్ ఆఫ్' పాఠం చెప్పనేలేదు.